చెల్లెలికి ఏమీ రాయని వీలునామా

రికార్డు గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పాత ఫైళ్ల దుమ్ము పీల్చి రిటైరైనదాన్ని, వీధిలో చిన్నాపెద్దా ‘ఊలక్క’ అని పిలిచేదాన్ని, అరవై ఎనిమిదేళ్ల వయసులో, తెలివి పూర్తిగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. ఊపిరితిత్తులు చెడ్డాయి గానీ బుర్ర చెడలేదు. డాక్టరు ఇదివరకు నెలలని చెప్పేవాడు, ఇప్పుడు వారాలంటున్నాడు. వేళ్లు వణుకుతున్నాయి కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటాయి. మాట మాత్రం తిన్ననిదే.

దీన్ని అమలు జరపవలసినవాడు వీధి మొదట్లో గుండీల దుకాణం నడిపే గుండీల తాత. నాకంటే రెండేళ్లు చిన్నవాడే. జుట్టు ముందే నెరిసిందని తాతను చేసేశారు పాపం.

1. ఇల్లు, అందులోని సామాను, ఇంకా నాదంటూ ఉన్నదంతా నా కొడుక్కి చెందాలి. దీని గురించి ఇంతకంటే రాయను. వాడు ఎదురు చెప్పే రకం కాదు.

2. కుట్టుమిషను నా కోడలికి. దానికి కుట్టడం రాదని నాకు తెలుసు. వచ్చిన కొత్తలో దిండు గలీబు కుట్టమంటే నాలుగు వైపులా కుట్టేసి, దిండు ఎటునుంచి దూర్చాలత్తయ్యా అని అడిగింది. ఆ రోజు పడీపడీ నవ్వాను. అందుకు ఇది క్షమాపణ. మిషను మీద పూలకుండీ పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, నెలకోసారి ఓ నూనె చుక్క వేస్తే చాలు.

3. మా ఆఫీసు పెద్దగుమస్తా గారికి ఆకుపచ్చ మఫ్లరు, పురుగు కొట్టిన చివరతో సహా. భోజనాల వేళ నేను పూసలు గుచ్చుకుంటుంటే, పనీపాటా లేనివాళ్ల పని అని పదిమందిలో అన్నారు. ఆయన చెవులు ఏనాడూ ఎవరి మాటా విన్నవి కావు, కప్పేసుకున్నా పోయేదేం లేదు.

ఆ పనీపాటా లేని పని ఏమిటో ఇక్కడే రాసిపెడతాను, మళ్లీ చెప్పే వీలుండదు. రోజంతా ఎవరివో పేర్లు, ఎవరివో తేదీలు సర్దేదాన్ని. ఇంటికొచ్చి డబ్బా మూతల్లో పూసలు రంగుల వారీగా పోసుకుని కూర్చుంటే, కాసేపటికి అంతవరకు లోకంలో లేని ఒక జత కమ్మలు నా అరచేతిలో ఉండేవి. పాత దుప్పటితో గౌను కుట్టినా, చిరిగిన మోచేతికి ఆకు ఆకారంలో అతుకు వేసినా అదే సంతోషం. ఆ సంతోషమే నన్ను బతికించింది. నా కొంప ముంచిందీ అదే.

4. నా చెల్లెలికి ఈ వీలునామాలో ఏమీ రాయడం లేదు. ఒక్క సూది కూడా రాయడం లేదు. ఇది మరుపు కాదు, కోపమూ కాదు.

అమ్మ పోయాక ఆమె పగడాల దండ మా ఇద్దరికీ మిగిలింది. దారం పుచ్చిపోయింది. నా చేతులు ఊరుకుంటాయా? చెల్లెలు వచ్చేలోపు దాన్ని విడదీసి, నడుమ వెండి పూసలు వేసి, రెండు దండలు గుచ్చాను. ఒకటి దాని చేతిలో పెట్టి, ఎగిరి గంతేస్తుందని చూశాను. అది దండ వంక చూడనే లేదు. పాత దారం ఏదని అడిగింది. పగడానికీ పగడానికీ నడుమ అమ్మ స్వయంగా వేసిన ముడి ఉండేది. ఆ ముడులన్నీ కత్తెరతో తెంపి చెత్తబుట్టలో వేశానని చెప్పాను.

“అమ్మ చెయ్యి ఆ ముడుల్లో ఉందక్కా. పగడాలు బజార్లో దొరుకుతాయి,” అంది. దండ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తొమ్మిదేళ్లయింది.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. నా పనితనాన్ని కాలదన్నిందని కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాను. తప్పు నాదే. నేను పూసలు చూశాను, అది ముడులు చూసింది. ఎన్నో ఉత్తరాలు రాసి చింపేశాను, ఫోను ఎత్తి మళ్లీ పెట్టేశాను. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు చావు దగ్గర పడవలసి వచ్చింది.

5. బీరువా కింది అరలో నేను అల్లిన నీలం స్వెట్టరు ఉంది. దానికి ఒక చెయ్యి అల్లడానికి వేళ్లు సాగలేదు. దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు, విప్పకూడదు. చిన్నప్పుడు నేను అమ్మకు ఎదురుగా కూర్చుని అల్లిక నేర్చుకున్నాను, ఆమె కుడి నాకు ఎడమైపోయింది. చెల్లెలు నా పక్కన కూర్చుని నన్ను చూసి నేర్చుకుంది. అలా మేమిద్దరమే అందరికీ తిరగబడి అల్లేవాళ్లం. గుండీల తాత భార్య అల్లికలో చెయ్యి తిరిగిన మనిషి. ఆవిడ నాలుగు వరుసలు వేసి చూస్తే కుట్లు మెలిపడి, అడ్డంగా గీత తేలింది. విప్పించేశాను. ఆ చెయ్యి పూర్తి చేయగలిగినది ఒక్కతే ఉంది. ఆ స్వెట్టరు కూడా దానిదే, వస్తే నా చేత్తోనే ఇస్తాను.

6. వీలునామాలో వాటా ఉన్నవాళ్లు సాక్షిగా పనికిరారని వకీలు చెప్పాడు. నేను సంతకం చేస్తుంటే సాక్షులిద్దరూ ఎదురుగా ఉండి చూడాలన్నాడు. బతికుండగా చేతికిచ్చిన వస్తువుకు వీలునామాతో పని లేదనీ అన్నాడు. ఈ మూడూ రెండుసార్లు చెప్పించుకుని విన్నాను. కాబట్టి రెండో సాక్షి నా చెల్లెలే, మరొకరు కాదు. అది రాకపోతే నేను సంతకం పెట్టను, ఇది చిత్తుకాగితం. ఎవరో ఒకరిచేత పెట్టిద్దామమ్మా అని కొడుకు బతిమాలాడు. ససేమిరా అన్నాను.

7. ఇది నేను పోయేదాకా కవరులో దాచే కాగితం కాదు. దీని నకలు గుండీల తాత ఇవాళే తీసుకెళ్లి చెల్లెలికి ఇవ్వాలి.

చెల్లీ, సిగ్గు విడిచి అడుగుతున్నాను. తిట్టడానికైనా రా. స్వెట్టరు వద్దంటే మానెయ్, చెయ్యి అల్లనంటే మానెయ్. నా గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకుని ఉంటే చెప్పు, కుర్చీలో మోయించుకుని వీధిలోకి వస్తాను. నాకు భయంగా ఉంది. నిన్ను చూడకుండా పోతానేమోనని భయంగా ఉంది.

తేదీ: పదకొండు. నువ్వు రాలేదు, కొట్టేశాను. పన్నెండు. కొట్టేశాను. పద్నాలుగు. కొట్టేశాను. పదిహేడు.

వీలునామా రాసినామె సంతకం:

మొదటి సాక్షి: గుండీల తాత. ఈ నాలుగు తేదీలకూ దుకాణం మూసుకుని వచ్చి కూర్చున్నాడు.

రెండో సాక్షి: చెల్లీ, ఇక్కడ.