మీ నాన్న పక్కన జాగా

చిరంజీవి క్రాంతికుమార్‌కు,

మంచుకొండల మీద కాపలా కాస్తున్న నా బిడ్డకు ప్రభువే కాపలా ఉండాలని వేడుకుంటూ అమ్మ రాసేది. ఇక్కడ నేను బాగున్నాను. నేలకొండపల్లిలో మీ అక్క బ్లెస్సీ, బావ, పిల్లలు కూడా దేవుని దయవల్ల క్షేమం. నువ్వూ అట్లాగే ఉన్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం వానల మధ్య వచ్చింది. కవరు ఒక మూల తడిసింది కానీ అక్షరాలు చెదరలేదు. అక్కడ ఫోను సరిగా అందడం లేదని బాధపడకు. నాకు ఉత్తరమే నయం. ఫోన్లో నీ గొంతు వినగానే చెప్పాల్సినవన్నీ మరిచిపోయి "తిన్నావా" అన్న దగ్గరే ఆగిపోతాను.

నా మోకాళ్ల గురించి అడిగావు. పూజలో మోకరిల్లి లేచేటప్పుడు బల్ల పట్టుకుంటున్నాను, అంతే. వంటింటి రేకు కారడం గురించి అడిగావు. పక్కింటి లచ్చయ్య ఎక్కి తారు పూసిపోయాడు. ఇప్పుడు కారడం లేదు. డిసెంబరు సెలవుల్లో వచ్చి మీ నాన్న సమాధికీ, పక్కన నాకోసం ఉంచిన జాగాకూ కలిపి నల్లరాయితో ఒకటే గద్దె కట్టిద్దామని రాశావు. మన గుడి సమాధుల తోటలో చాలా జంటలకు అట్లాగే ఉంది కాబట్టి నీ ఆలోచనలో తప్పేమీ లేదు. కానీ దానికి జవాబు ఒక్క మాటలో రాయలేను. జరిగింది జరిగినట్టు చెప్తాను, నిదానంగా చదువు.

మొన్న ఈస్టరుకు ముందు తపస్సు కాలంలో ఫాదర్ ఇన్నయ్య గారు ఒక మాట చెప్పారు. మాంసం మానడం పెద్ద విషయం కాదు, పొద్దున కళ్లు తెరవగానే మనసు దేని దగ్గరికి పరుగెత్తుతుందో చూసుకోండి, దాన్ని పట్టుకుని నెమ్మదిగా ప్రభువు వైపు తిప్పండి, అన్నారు. నేను చూసుకున్నాను. నా మనసు మొదట చాయ దగ్గరికి పోయింది. చెబితే నవ్వుతావు. చాయ తాగకముందే జపమాల చెప్పుకోవడం మొదలుపెట్టాను. తర్వాత చూస్తే మనసు రాత్రి చూసిన సీరియల్ దగ్గర ఉంది, అత్త కోడలిని ఇంట్లోంచి గెంటిందా లేదా అని. అదీ మానుకున్నాను.

ఆ రోజుల్లోనే లచ్చయ్య కోడెను కాడికి అలవాటు పడేలా మరుపుతున్నాడు. నాగలి కట్టకుండా ఉత్త కాడి మెడ మీద పెట్టి ముసలి ఎద్దు పక్కన వాకిట్లో తిప్పేవాడు. "గింత మెల్లగనా?" అని అడిగితే, "కొట్టి మరిపితే కాడిని చూడంగనే బెదురుతది వదినా. ఇష్టంగ రావాలె," అన్నాడు. నా మనసును కూడా అట్లాగే తిప్పుకుంటున్నాననుకున్నాను. ఈస్టరు నాటికి నా మనసు కాడికి బాగా మరిగిందని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

ఇప్పుడు నాగక్క గురించి రాయాలి. రెండిళ్ల అవతల ఉండే నాగక్క నీకు తెలుసు కదా. చిన్నప్పుడు నువ్వు ఆమె జామచెట్టెక్కితే గుడి దాకా తరిమింది. మొగుడు పోయాక ఆమెకు నా అన్నవాళ్లు లేరు. నోరు మాత్రం నలుగురికి సరిపడా ఉండేది. ప్రతి శనివారం నేను సమాధుల తోటకు పోయి మీ నాన్న సమాధి తుడిచి, నువ్వు ఇటుకలు పేర్చిన నా జాగాలో గడ్డి పీకి వచ్చేదాన్ని కదా. ఒక శనివారం ఆమె కట్టెలకు పోతూ చూసి ఆగింది.

"ఏందే జోజమ్మా, బతికినన్నాళ్లు ఇల్లూడ్చుడు సాలలేదా? సచ్చినంక పండే జాగ గూడ ఇప్పటిసంది ఊడుస్తున్నవ్?"

"నవ్వకు నాగక్కా. ఆయన పక్కన పండాలని నా ఆశ."

"బస్సుల దస్తీ ఏసి సీటు పట్టినట్టున్నది నీ యవ్వారం. పైకి పోతా పైకి పోతా అని రోజూ పాడుతవ్, మరి కింద సీటెందుకే?"

అని పకపకా నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నాకు చాలా కోపం వచ్చింది. మొగుడి మీద ప్రేమను ఎగతాళి చేసిందని ఆమెతో కొన్నాళ్లు సరిగా మాట్లాడలేదు. ఆ జాగా మీది ఆశను నేను ఎప్పుడూ లోకాశ అనుకోలేదు, నాయనా. అది భక్తి అనుకున్నాను.

గోదావరికి వరద వచ్చిన వారంలో నాగక్క నిద్రలోనే పోయింది. పొద్దున పాలు పోయడానికి వెళ్లినామె చూసి కేక వేసింది. మేము ఆడవాళ్లం స్నానం చేయించి తెల్లచీర కట్టాం. గోదావరి పోటుకు మన వాగు ఎగదన్ని సమాధుల తోటలో ఆమె మొగుడి సమాధితో సహా దిగువ వరసలన్నీ మునిగాయి. ఎగువన వేరే ఖాళీ లేదు. అవతల అడవిశాఖ కందకం, అటు జరగడానికి వీల్లేదు. వాన పడుతూనే ఉంది. లచ్చయ్య, మరో ఇద్దరు మధ్య వరసలో ఒక చోట తవ్వి చూశారు.

"నీళ్లూరుతున్నయ్ ఫాదర్," అన్నాడు లచ్చయ్య గుంతలోంచే. "తోడుతుంటే మళ్ల వస్తున్నయ్. గీ నీళ్లల్ల పెట్టెనెట్ల దింపుదుం?"

"మణుగూరు తీసుకుపోదామా?" అన్నారు ఫాదర్ గారు.

"తొవ్వేడున్నది? వాగు మీద బ్రిడ్జే కనవడ్తలేదు."

ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ఫాదర్ గారు కూడా అడగలేదు. కానీ అందరి చూపులూ నువ్వు పేర్చిన ఇటుకల మీద పడి మళ్లీ పక్కకు తిరిగాయి. ఎగువ వరసలో, ఎత్తు మీద, పొడిగా ఉన్నది అదొక్కటే.

నేనేం చేశానో తెలుసా? గొడుగు పట్టుకుని పోయి ఆ ఇటుకల మధ్యలో నిలబడ్డాను. ఇవ్వడానికి కాదు, కాపాడుకోవడానికి. నాకు తెలియకుండానే కాళ్లు అటు నడిచాయి. పెట్టె మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా మీద వాన కొడుతున్న చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. "ప్రభువా, ఇదొక్కటి వదిలెయ్యి, మిగతావన్నీ ఇచ్చాను కదా" అని మనసులో అన్నాను. అన్న తర్వాత ఆ మాట నాకే వినపడింది. చాయను, సీరియల్‌ను ఇచ్చి ఎంత పెద్ద లెక్క చెబుతున్నానో అనిపించి సిగ్గేసింది.

బయటికి జరిగి, "ఇక్కడ తవ్వు లచ్చయ్యా," అన్నాను.

అతను కదల్లేదు. "వదినా, సోంచాయించుకో. ఆంథోని అన్న పక్కన జాగ మళ్ల దొరకది. క్రాంతి ఏమంటడో... ఆ ఇటుకలు ఆ పిలగాడే పేర్చిండు."

"వానికి నేను రాస్త. నువ్వు తవ్వు."

నువ్వు పేర్చిన ఇటుకలను నేనే తీసి పక్కన పెట్టాను. నాగక్కను మీ నాన్న పక్కన పెట్టాం.

ఇంతటితో నా మనసు నెమ్మదించిందని రాస్తే అబద్ధమవుతుంది. అందరూ "ఎంత మంచి పని చేశావు జోజమ్మా" అన్నారు. నేను ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. మరుసటి శనివారం తోటకు పోతే నాగక్క మట్టి మీద అసూయ కలిగింది. చచ్చిపోయినామె మీద అసూయపడిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మీ నాన్న బొగ్గుబావిలో మిషన్ల మోత మధ్య పనిచేసి వచ్చి ఇంట్లో నిశ్శబ్దం కోరుకునేవాడు. చివరికి ఆ నోటి పక్కన పడుకోబెట్టానే అనుకున్నాను. అట్లా అనుకుని ఏడుస్తూనే నవ్వాను కూడా.

ఇక నీకు చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్ గారికి చెప్పాను. నీకూ చెప్పాలి. మీ నాన్న పోయిన నాటి నుంచి నేను పరలోకాన్ని తలచుకున్నప్పుడల్లా ఒకటే చూసేదాన్ని. చివరి దినాన కడబూర మోగుతుంది, మేమిద్దరం సమాధుల్లోంచి పక్కపక్కనే లేస్తాం, కళ్లు తెరవగానే నాకు మీ నాన్న ముఖం కనిపిస్తుంది. అంతే. ఆ చూపులో ప్రభువు ఎక్కడా లేడు, నాయనా. ఇన్నేళ్ల ప్రార్థనలో పరలోకాన్ని నా ఇల్లు చేసుకున్నాను, ఆ ఇంటి యజమానిని వాకిట్లో కూడా పెట్టుకోలేదు. నాగక్క నవ్వింది దాన్ని చూసే కావచ్చు, ఆమెకు అంత తెలియకపోయినా.

ఫాదర్ గారు కోప్పడలేదు. "భర్తను ప్రేమించడం మానమని ఎవరన్నారమ్మా? ముందు ప్రభువును చూడు, ఆయన్ను చూస్తే ఆంథోని ఎక్కడికీ పోడు," అన్నారు. ఇప్పుడు పొద్దున లేవగానే మనసు మీ నాన్న దగ్గరికే పరుగెత్తుతోంది. నేను దాన్ని కసరడం లేదు. "పద, ఇద్దరం కలిసి ప్రభువు దగ్గరికి పోదాం" అంటున్నాను. కొన్ని రోజులు వస్తోంది, కొన్ని రోజులు మొరాయిస్తోంది.

నువ్వు కష్టపడి పేర్చిన ఇటుకలను నిన్నడగకుండా తీసినందుకు క్షమించు. నల్లరాయి వద్దు. నేను పోయిన రోజు వరసలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, ఎవరి పక్కనైనా సరే, తవ్వనివ్వు. అమ్మను నాన్న దగ్గరే పెట్టాలని ఎవరితోనూ పోట్లాడకు. ముసలితనంలో నేనే మాట మార్చి, మూలుగుతూ ఆ పక్కనే కావాలని అడిగినా వినకు. అట్లా అడుగుతానేమోనని నాకు నా మీద భయం. అందుకే ఇదంతా నీకు రాశాను. నీ చేతికి చేరిన మాటను నేను వెనక్కి తీసుకోలేను.

ఇట్లు,
నీకు ఆశీస్సులు పలుకుతూ,
మీ అమ్మ
జోజమ్మ