బొటనవేలి గుంట

శ్రీవారికి నమస్కారాలు.

ముందుగా ఒక మాట. అక్షరాల్లో తప్పులుంటే నవ్వకండి. ఐదో తరగతితో ఆగిన చదువు నాది. పైగా ఎడమచేతి వాటం కదా, రాసినదాన్ని నా చెయ్యే తుడుచుకుంటూ పోతుంది. అలుక్కుపోయినచోట మీరే పూరించుకోండి. ఇక్కడ నేనూ మామయ్యగారూ క్షేమం. అక్కడ మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

మీరు అడిగినవాటికి జవాబులు. మామయ్యగారి మోకాలు నయం. మెట్లు దిగుతున్నారు, ఎక్కేటప్పుడు మాత్రం ఆ మెట్లు కట్టినవాణ్ణి తిడుతూ ఎక్కుతున్నారు. వంటగది కిటికీ గడియ బాగుచేయించాను. నేను వేళకు తింటున్నానా అని అడిగారు. తింటున్నాను. మీ సంగతి మాత్రం మీరు రాయలేదు.

మీరు ఆన్‌లైన్‌లో కొని పంపిన రాతిగొడ్డలి చేరినప్పటినుంచి మన ఇల్లు మ్యూజియం అయిపోయింది. ముప్పై ఏళ్ళు మ్యూజియంలో కాపలా కాసి, అద్దాల వెనక ఉన్నవాటిని ఒక్కసారైనా ముట్టుకోని మామయ్యగారికి అరచేతిలో పెట్టుకునే రాయి దొరికింది. చెప్పుల అట్టపెట్టెలో తువ్వాలు పరిచి దాచారు. "రాతి గొడ్డలి. మూడు వేల ఏళ్ళ నాటిది" అని అట్టముక్క మీద రాసి మూతకు అంటించారు. పక్కింటావిడ చెయ్యి చాపితే, "అద్దం లేదు కదా అని చనువు తీసుకోకమ్మా! చూడ్డం వరకే" అన్నారు. "మా తలుపుకి అడ్డం పెట్టే రాయి ఇంతకంటే పాతది, బాబాయిగారూ" అని ఆవిడ మూతి తిప్పుకుంటూ వెళ్ళింది.

ఇక మీ పెద్ద ప్రశ్న. అదే అమ్మకందారు దగ్గర నడుమ చిల్లున్న గుండ్రాయి ఉంది, నాన్న పుట్టినరోజుకు కొననా అని ఫోనుకు ఫొటో పంపారు. కొనకండి. ఆ చిల్లు గొట్టంలా తిన్నగా ఉంది, చూడండి. పాతకాలంవాళ్ళు ఇసుక వేసి కర్రతో రెండువైపులనుంచీ తొలిచేవారు, అందుకని నడుమ సన్నబడుతుంది. ఇది యంత్రం చేసిన చిల్లు. ఎక్కడ దొరికిందని అడిగితే "మా తాతగారి పెట్టెలోది" అంటాడు, కాగితం ఒక్కటీ చూపించడు. నిజంగా వాడిన రాయి పట్టుకున్నచోటే ఎక్కువ అరుగుతుంది, అన్నివైపులా ఒకేలా అరగదు. పగుళ్ళలో మట్టి తడిగుడ్డకు వచ్చేస్తే అది నిన్నమొన్నటి మట్టే.

ఇవన్నీ నీకెలా తెలుసంటారు. ఫోనులో చెబుదామంటే మామయ్యగారు పక్కనే ఉంటారు. అందుకే ఈ ఉత్తరం.

మా నాన్న రాళ్ళు చెక్కుతాడని మాత్రమే మీకు చెప్పాం. ఏం చెక్కుతాడో చెప్పలేదు. బడి మానేశాక నేను ఆయనతోపాటు పెరట్లో కూర్చునేదాన్ని. ఆయన చెక్కిచ్చిన గొడ్డళ్ళను పాతవిగా చేయడం నా పని. ఇసుకతో రుద్ది, టీ డికాషన్‌లో నానబెట్టి, తుప్పు కలిపిన నీళ్ళు పూసి, తడిమట్టిలో పాతిపెట్టేదాన్ని. ఒకతను వచ్చి సంచుల్లో పట్టుకెళ్ళేవాడు. "ఇవి ఎవరు కొంటారు నాన్నా?" అంటే "అలంకారానికిలే" అనేవాడు. పదేళ్ళప్పుడు నమ్మాను. పదమూడేళ్ళప్పుడు నమ్మలేదు. అయినా పెళ్ళిదాకా రుద్దుతూనే ఉన్నాను.

మీ పార్సిల్ విప్పి గొడ్డలి చేతిలోకి తీసుకోగానే, నా ఎడమ బొటనవేలు దానిమీది గుంటలో కాస్త ఇరుకుగా, కానీ సరిగ్గా కూర్చుంది. కుడిచేత్తో పట్టుకుంటే కుదరని గుంట అది. పన్నెండో ఏట నా వాటానికి నేనే అరగదీశాను. గుంట తప్పువైపు చేశానని నాన్న మొట్టికాయ వేయడం కూడా గుర్తుంది.

ఆ సంగతి రెండు వారాలు దాచాను. మొన్న మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెట్టె చంకలో పెట్టుకుని, మ్యూజియంలో చూపించి వస్తానని బయల్దేరారు. అక్కడివాళ్ళు చూడగానే పట్టేస్తారు. నలుగురిలో ఆయన మొహం ఏమైపోతుంది? గుమ్మానికి అడ్డంగా నిలబడి, పెట్టె తెరిచి, గొడ్డలిని ఎడమచేత్తో పట్టుకున్నాను.

"ఏమిటమ్మా ఇది?"

"ఇది నేను చేసింది, మామయ్యగారూ."

నా వేలు చూశారు, రాయి చూశారు, కుర్చీలో కూలబడ్డారు. మా పెరటి సంగతంతా విన్నారు. రాయి మీది టీరంగు మరకను వేలితో రుద్ది చూస్తూ, "టీలో నానబెట్టావా?" అన్నారు.

"అవునండీ."

"అదా సంగతి! నువ్వు టీ పెట్టిన చేత్తో ముట్టుకున్నావేమోలే అనుకున్నా."

నవ్వారు గానీ, ఇస్త్రీ చొక్కా విప్పి మళ్ళీ కొక్కేనికి తగిలించేశారు. "వాడికి మాత్రం చెప్పకు. నాకోసం ఎంత వెతికి కొన్నాడో" అన్నారు. చెప్పనని మాట ఇచ్చాను. మీరు రెండోది కొంటానంటుంటే మాట తప్పాను. నా మీద కోపం వస్తే నాకే రాయండి. ఆయన్ను మాత్రం ఎప్పటిలాగే "గొడ్డలి ఎలా ఉంది నాన్నా?" అని అడగండి.

నిన్న పెట్టె తుడుస్తుంటే అడుగున ఇంకో అట్టముక్క కనబడింది. మూత మీది రాత మీకోసం అలాగే ఉంచారు. అడుగున, అదే గుండ్రటి అక్షరాల్లో, "రాతి గొడ్డలి. మా కోడలు పన్నెండో ఏట చేసినది" అని ఉంది.

ఆయన కంట పడకుండా, చదవగానే ఈ ఉత్తరం కాల్చేయండి. సెలవుకు వచ్చినప్పుడు పెట్టె తిరగేసి చూడకండి.

ఇట్లు,
మామయ్యగారికిచ్చిన మాట నిలుపుకోలేని
మీ ఇల్లాలు.