అమావాస్య నాడు మార్చిన గాస్కెట్

ఆదివారం, మహబూబాబాద్

బండి ఆగింది. మార్కెట్ రోడ్డు మీద, తెల్ల పొగ కక్కుకుంటూ. ఇంజన్ ఆయిల్ చూస్తే పాలు పోసిన చాయ్ రంగు. మెకానిక్ సమ్మయ్య బానెట్ ఎత్తి ఒక్క చూపు... "హెడ్ గాస్కెట్ పోయింది అన్నా. నీళ్లు ఇంజన్‌ల పడ్డయి. ముసల్ది, నీ లెక్కనే ఊకె ఉడుకుతది."

నాకు నవ్వు రాలేదు. బుధవారం భూపాలపల్లిలో క్వారీ మీద ప్రజాభిప్రాయ సేకరణ. ఆ పక్క తండా వెనుక గుట్టను తవ్వాలా, వద్దా. తండాకు బస్సు లేదు. ఆటోలను, ట్రాక్టర్లను క్వారీ మనుషులు ముందే బెదిరించి పెట్టారు. మిగిలింది నా పాత డీజిల్ పికప్పే. జనం రాకపోతే కాగితం మీద "అభ్యంతరాలు లేవు" అని రాసుకుంటారు. దీని పేరు ప్రజాస్వామ్యం!

సోమవారం

ఇంజన్ పైభాగం, హెడ్, లేత్ మిషన్ దగ్గర. చదును చేయాలట. వరుసలో మనదే చివర.

జనగామ నుంచి, ఇంటి నుంచి, నా భార్య సరళ ఫోన్. "అన్నం తిన్నవా, ఉపన్యాసమేనా?"

మంగళవారం

హెడ్ వచ్చింది. కొత్త గాస్కెట్ ఉంది. సమ్మయ్య మాత్రం బల్ల మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"ఇయ్యాల అమావాస్య. ఇప్పిన ఇంజన్ ఇయ్యాల స్టార్ట్ చెయ్య."

ఇక ఆగానా! చంద్రుడికీ సిలిండర్‌కూ ఏం సంబంధం? అమావాస్య అని రైలు ఆగుతోందా? అదిగో కూత, విను! చుట్టూ జనం చేరారు. గొంతు పెరిగింది.

"నువ్వే గెలిచినవ్ అన్నా. ఇగ పో." షట్టర్ సగం దించాడు.

వాదన గెలిచి పగలంతా పోగొట్టుకున్నాను.

పొద్దుగూకే వేళ తనే పిలిచాడు. బిగించేది అతను, తాళం తిప్పేది నేను — అదీ రాజీ. తిప్పాను. ఇంజన్ అందుకుంది. పొగ లేదు!

"తెల్లారేదాక సల్లారనియ్యి. పొద్దుగాల హెడ్ బోల్టులు మల్లొకసారి బిగించాలె. గప్పుడే లోడు."

తెల్లారకముందే నేను బయల్దేరాలి. పగలే స్టార్ట్ చేసి ఉంటే ఈపాటికి చల్లారేది. "అంతా నీ అమావాస్య వల్ల" అన్నాను. "కాదే, నీ నోటి వల్ల" అన్నాడు.

బుధవారం, దారిలో

బోల్టులు బిగించకుండానే వచ్చేశాను. తండాలో అందరూ ఎక్కారు. ముందు సీట్లో మంగ్లి అక్క. గుట్ట కింది చేను ఆమెదే. "ఎడ్లబండి లెక్క తోలుతున్నవేంది తమ్మీ?" బోల్టుల సంగతి చెప్పాను.

సగం దారి కూడా కాలేదు. ఇంజన్ వేడి చూపే సూది ఎర్రగీత దాటింది. ఆపాను. హెడ్ పక్క నుంచి బుసబుస. వేడి మీద బిగిస్తే హెడ్ వంకరపోతుంది. చల్లారాలి.

సమ్మయ్యకు ఫోన్ చేస్తే ముందు అదే మాట — "చెప్పిన్నా లేదా?" బోల్టులయ్యా, అమావాస్య కాదు! అరిచాను. వెనుక వాళ్లంతా విన్నారు. గుసగుసలు.

"అమావాస్య నాడు జేపిచ్చిండట..."

ఏ మూఢనమ్మకాల మీద ఇన్నేళ్లు కరపత్రాలు రాశానో, వాటికి నా చేత్తోనే సాక్ష్యం ఇచ్చాను. కారణం బోల్టే. ఎవరు నమ్ముతారు?

మంగ్లి అక్క దిగింది. "నిన్న అమావాస్య నాడు గూడ బర్ల పాలు పిండినం గద, ఏమన్న అయిందా? దిగుర్రి. నడుద్దాం." నా వైపు తిరిగి, "బండి సల్లారితే ఎన్కనుంచి రా. మేం దార్లనే ఉంటం."

నడుస్తున్నారు. ఆడవాళ్లు ముందు.

సేకరణ జరిపే ఆఫీసుకు ఫోన్ చేశాను. తండావాళ్లు నడిచి వస్తున్నారు, వచ్చేదాకా ఆపండి అన్నాను.

"మీది తండానా సార్?"

"కాదు."

"మరి వాళ్లనే వచ్చి చెప్పమనుర్రి. మేం మొదలువెడ్తున్నం."

మలుపు దగ్గర చివరి మనిషి కూడా కనబడటం లేదు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను... కాలుతోంది.