తవిటయ్య బండి కింద అట్ట

తగరపువలస,
సోమవారం

పీర్ భాయ్‌కి తవిటయ్య నమస్కారాలు.

ఇక్కడ నేను, సన్యాసమ్మ, మా అబ్బాయి సుమంత్ కులాసా. వ్యాను ఒక్కటే కులాసా కాదు. ఇంజన్ల మోతకి నీ చెవులు పోయాయి, ఫోనులో మాట వినబడదు. నీ దగ్గరున్నది బటన్ల ఫోను, ఫోటో పంపినా కనబడదు. అందుకే ఈ ఉత్తరం. మా బస్సు కండక్టరు కొండలరావు పాతపోస్టాఫీసు దగ్గర నీ షెడ్డులో ఇచ్చేస్తానన్నాడు.

బండికి కూలెంటు నీళ్లు కారుతున్నాయి. ఎక్కువేం కాదు. సింహాచలంలో కొబ్బరికాయలు దింపేలోగా ముందు చక్రాల మధ్య అరచేతంత ఆకుపచ్చ మరక పడుతోంది. సుమంత్‌కి ఆ మరక చాలు. అచ్యుతాపురంలో కొత్త మిషన్ల మధ్య ఉద్యోగం కదా, పాత ఇంజనంటే వాడికి పడదు. “ఆదివారం లోపల ఇది ఆగకపోతే తుక్కోడికి ఇచ్చేద్దాం నాన్నా, నాను మాటాడేసాను” అన్నాడు.

బండి పోతే నేనేం చెయ్యాలి భాయ్? మా ఇంట్లో ఉడికిన ప్రతి గింజా అది మోసుకొచ్చిందే. ఏదో దారి చెప్పు.

ఇట్లు,
దిగులుతో, తవిటయ్య

తా.క. సుమంత్ చదువు కూడా ఆ బండి చలవే. ఆ మాట అంటే, “దానికి థాంక్సు సెప్పి పంపేద్దాం” అంటున్నాడు.


పాతపోస్టాఫీసు, విశాఖపట్నం,
మంగళవారం

తవిటయ్య బావకి పీర్ మహమ్మద్ సలాములు.

అరచేతంత మరకకే తుక్కుకి ఇచ్చేటట్టయితే, పొద్దున్న లేస్తే మోకాళ్లని మూలిగే నన్ను మా ఆవిడ ఖైరున్నీసా ఎప్పుడో ఇచ్చేసేది. మీ అబ్బాయికి ఆ మాట చెప్పు.

హుద్‌హుద్ తుఫాను నాడు రోడ్డంతా చెట్లు పడిపోతే, ఒళ్లు కాలిపోతున్న ఖైరున్నీసాను ఆసుపత్రికి చేర్చింది నీ బండే. ఇవాళ ఆమె చేతి చాయ్ తాగుతున్నానంటే నీ దయ, ఆ ఇంజను దయ. దాన్ని పోనివ్వను.

బండిని కదపకు. ఇంజను పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తియ్యి, వేడి మీద తీశావంటే మొహం కాలుతుంది. గొట్టాలన్నీ పొడిబట్టతో తుడిచి, క్లిప్పులు బిగించు. మరీ బిగించకు, పాత రబ్బరు తెగుతుంది. రాత్రి బండి కింద పెద్ద అట్ట పరుచు. పొద్దున్న చుక్క ఎక్కడ పడిందో చూడు. దానికి నిట్టనిలువుగా పైన ఉన్నవాడే దొంగ.

నీ మేలు మరవని
పీర్ మహమ్మద్

తా.క. మాటిమాటికీ కిందికి దూరి చూడకు. ఇంజన్లకీ సిగ్గుంటుంది.


తగరపువలస,
గురువారం

భాయ్, కొంప మునిగింది!

అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను. పై గొట్టం క్లిప్పు వదులుగా ఉంటే బిగించాను. దొంగ దొరికాడని సంబరపడి, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పి పరిచి, హాయిగా పడుకున్నాను. పొద్దెక్కాక లేచి చూద్దును కదా, అట్ట నిండా ఆకుపచ్చ చుక్కలు! ఇంజను కిందే కాదు, డ్రైవరు సీటు కింద, వెనక చక్రాల దగ్గర, ఆఖరికి వెనక వేలాడే స్టెప్నీ చక్రం కింద కూడా. రెండోరోజు వేరే అట్ట వేశాను. అదే తంతు.

చిత్రమేమిటంటే, రేడియేటర్ పక్కనుండే సీసాలో కూలెంటు గీత దగ్గరే ఉంది. ఇంత కారుతున్నా తరగడం లేదు. అప్పన్న స్వామి దయ అనుకుని సింహాద్రి వైపు తిరిగి దండం పెట్టుకున్నాను.

సుమంత్ అట్టని చూశాడు. తుక్కువాడికి ఫోను చేసి ఆదివారం పొద్దున్నే రమ్మన్నాడు. నాకు అన్నం సయించడం లేదు.

ఇట్లు,
నీదే భారమన్న తవిటయ్య

తా.క. స్టెప్నీలో కూలెంటు ఉండదని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను, ఉంటుందా?


పాతపోస్టాఫీసు,
శుక్రవారం

బావా, ధైర్యంగా చదువు.

సీసా తరగలేదంటే అది స్వామి దయ కాదు. మూత పాడై, రేడియేటరు సీసాలోంచి లాక్కోవడం మానేసింది. ఇంజను ఆపేశాక కూడా స్టెప్నీ దాకా చిమ్ముతోందంటే లోపల ఎంత ఒత్తిడి ఉందో! నా సర్వీసులో ఇలాంటి రోగం చూడలేదు. చూడలేదని చెప్పడం మెకానిక్కుకి మర్యాద కాదు కాబట్టి, ఇంజను లోపలి హెడ్ గ్యాస్కెట్ పోయిందని చెబుతున్నాను. ఇంజను దింపాలి.

ఆదివారం తెల్లారేసరికి షెడ్డులో కుర్రాడు ఇర్ఫాన్‌నీ పానాల పెట్టెనీ తీసుకుని మీ ముంగిట్లో ఉంటాను. ఈలోగా తుక్కువాడు వస్తే ఆపు. నేను బండి కిందే పడుకుంటాను, నాతో సహా తూకం వేసుకోమను.

నీ వెనకే ఉన్న
పీర్ మహమ్మద్

తా.క. ఖైరున్నీసా నీ బండి కోసం దువా చేస్తోంది. స్టెప్నీ సంగతి ఆమెకి చెప్పలేదు, నవ్వొచ్చి దువా చెడిపోతుంది.


తగరపువలస,
శనివారం

నా పాలిట దేవుడు పీర్ భాయ్‌కి,

రేపు పానాల పెట్టె తేవద్దు. దొంగ దొరికింది.

బండితో ఇదే ఆఖరి రోజు కదా అని నిద్ర పట్టక తెల్లవారుజామునే ముంగిట్లోకి వచ్చాను. సన్యాసమ్మ బకెట్టు పట్టుకుని నిలబడి, చేత్తో నీళ్లు తీసి ఈ చివర నుంచి ఆ చివరకి జల్లుతోంది. బండి కిందకీ, అట్ట మీదకీ! కళ్లాపి, భాయ్! పేడ దొరక్క ఎన్నాళ్లుగానో కిరాణా కొట్లో అమ్మే ఆకుపచ్చ పొడి కలుపుతోందట. అచ్చం కూలెంటు రంగే.

“అట్ట మీద జల్లుతన్నావేటే?” అని అరిచాను.

“ముంగిట్లో అట్టలు పరిసింది నువ్వు! కల్లాపి జల్లకుండా ముగ్గెలా ఎట్టమంతావ్?” అని బకెట్టు నా మీదకే ఎత్తింది.

ఆరిన అట్ట వేసి, ఎండెక్కేదాకా ఇంజను నడిపాం. ఆపి, చల్లారేదాకా కూర్చున్నాం. ఒక్క చుక్క లేదు. రోగమంతా ఆ వదులు క్లిప్పే. సుమంత్ కిందికి దూరి వెతికి, చొక్కా దులుపుకుని, తుక్కువాడికి ఫోను చేశాడు. “రావొద్దండి, మా బండి బాగుంది” అన్నాడు. ‘మా బండి’ అన్నాడు భాయ్. నాకు ఏడుపొచ్చేసింది.

లేని రోగానికి నువ్వు మా ఇంటిదాకా వచ్చి ఇంజను దింపుతానన్నావు, తూకం కూడా ఎక్కుతానన్నావు. ఈ జన్మకి ఇంకేం కావాలి? రేపు ఖైరున్నీసమ్మతో భోజనానికి రావాలి. నేనే బండి వేసుకుని వస్తున్నాను.

ఆనందంతో,
తవిటయ్య

తా.క. కాగితం లాక్కుని ఇక్కడినుంచి సన్యాసమ్మ రాస్తోంది:

అన్నయ్యా, నాను కాపరానికి వచ్చిన కాణ్ణించీ రోజూ కల్లాపి జల్లుతన్నాను. ముంగిలి ఎలా తడుస్తందో ఈయనకి ఇయాలే తెలిసింది. సిగ్గుపడి, రేపణ్ణించి బకెట్టు నాను మోస్తానన్నారు. నీకు దండం పెడతాను, బండి కారితేనే ఈయన ముంగిలి కేసి సూసేది, మరీ అంత బాగా బాగుసెయ్యకు.