గార్వనెత్స్ దగ్గర ఆగిన కాల్

మార్చి 25
రోగుల ఇళ్ళకు ఆక్సిజన్ పంపే ప్రోగ్రాం మాది. ఒక్కో ఆర్డరు రెండేసి సార్లు పోతోంది. తప్పు పట్టాలంటే నడుస్తున్న సర్వర్‌లోనే ఒక కాల్‌ను, అంటే ఒక ఆర్డరును ముందుకు నడిపే పనిని, మధ్యలో ఆపి, లోపల ఏముందో చూడాలి. నిజమైన రోగి ఆర్డరు ఆపలేం కదా. అందుకని మనుషుల్లేని ఊరు ఎంచుకున్నాను. గార్వనెత్స్ అనే ఆ ఊరి పేరు వస్తేనే ఆగేలా బ్రేక్‌పాయింట్ పెట్టి, నేనే ఒక దొంగ ఆర్డరు పంపాను. మా బాస్ ఒగ్న్యాన్, అక్కడ ఓట్లేసేది నక్కలేనని నవ్వాడు. మా కొండల్లో అలాంటి ఊళ్ళకు కొదవ లేదు.

తప్పు దొరికింది, సరిచేశాను. ఈలోగా పక్క సీటు బ్లగొవెస్తా, ఇవాళ తన పేరు మీద వచ్చే పండుగని చేపల వేపుడు తెచ్చింది. ఉన్నపళంగా లేచి వెళ్ళాను. కడుపునిండా తిన్నాను.

ఏప్రిల్ 6, ఉదయం 10
సర్వర్‌లో ఆగిపోయిన కాల్ ఒకటి ఉంది. నా దొంగ ఆర్డరుదేననుకుని తెరిచాను. స్తామెన్ కరాజొవ్, 58 ఏళ్ళు. గార్వనెత్స్. రెండు సిలిండర్లు, అర్జెంటు. మార్చి 26.

బ్రేక్‌పాయింట్ తీయడం మరిచిపోయాను.

10.20
ఆయన ఫోన్ ఎత్తడం లేదు. ఫైలు తీసి చూశాను. ఊపిరితిత్తులకు మంచి గాలి కావాలని పోయిన వేసవిలోనే ఆ ఊరికి మారాడట. ఒక్కడే ఉంటాడట.

ప్రోగ్రాంలో కాల్ ఆగిన చోటుకు పై లైన్ చూశాను. "ఆర్డరు అందింది, బయలుదేరుతున్నాం" అని ఆయనకు మెసేజ్ వెళ్ళిపోయింది. అందుకే మళ్ళీ అడగలేదు. నమ్మి కూర్చున్నాడు.

సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఆ కాల్ ఆనవాలు లేకుండా పోతుందని, అందరి ఉద్యోగాలూ నిలుస్తాయని ఒగ్న్యాన్ అన్నాడు. వినలేదు. ఆగిన కాల్ మళ్ళీ నడిచేలా రెజ్యూమ్ నొక్కాను. మధ్యలో పదకొండు రోజులు గడిచాయని దానికి తెలియదు. తర్వాతి లైన్‌కు వెళ్ళింది. డ్రైవర్ రాంగెల్‌కు ఆర్డరు చేరింది.

బతికుండాలి. ఇంకేమీ అక్కర్లేదు.

2.30
రాంగెల్ ఫోన్ చేశాడు.
"గేటుకి ఆయన చావు కబురు కాగితం అంటించుందమ్మా. మార్చి ఇరవై తొమ్మిదిన పోయాడంట. సిలిండర్లేం చెయ్యమంటావు?"

వెనక్కి తెచ్చేయమన్నాను. మూడు రోజులు ఎదురు చూశాడు. ఆ మూడు రోజులూ నేను ఇదే కుర్చీలో కూర్చుని ఉన్నాను.

ఏప్రిల్ 7
ఆఫీసుకు వెళ్ళలేదు. తిండి సయించలేదు.

ఏప్రిల్ 8
కాల్ ఇంకా ముగియలేదు. సిలిండర్లు ఎందుకివ్వలేదో కారణం అడుగుతోంది. ఇంట్లో ఎవరూ లేరని రాయమన్నాడు ఒగ్న్యాన్, అది అబద్ధం కూడా కాదట. నేను రాశాను: పదకొండు రోజులు ఆపింది నేను, జోర్నిత్సా మింకోవా.

నొక్కాను. మిగిలిన పని ముగియడానికి ఒక సెకనైనా పట్టలేదు.