తమ్ముడు చేసిన చేతి గడియారం

నందిగామ

నాన్నగారికి సంహిత నమస్కారాలు. ఇక్కడ నా గడియారాల రిపేరు షాపు బాగానే నడుస్తోంది.

మీరిచ్చిన పాత జేబు గడియారం యంత్రంతో తమ్ముడు ఆత్రేయ చేసిచ్చిన చేతి గడియారం ఆగిపోయిందని నిన్న చందర్లపాడు మాస్టారొకరు తెచ్చారు. వాడి తప్పు దొరుకుతుందని ఆశగా విప్పాను. దొరకలేదు; వాడు చేసినంత నాజూకైన పని నాకింకా చేతకాదు. కడుపు మండిపోయింది.

"మీ తమ్ముడి పనితనం ఇంతేనా అమ్మా?" అన్నారాయన.

అవునని నోటిదాకా వచ్చింది. "కాదండీ, లోపల తడి చేరింది" అన్నాను. వేదాద్రిలో చేతికి వాచీతోనే కృష్ణలో మునిగారట! తుడిచి, నూనె వేసి నడిపించాను.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మీ బీరువాలో మిగిలిన జేబు గడియారం నాకే పంపండి, వాడికివ్వకండి.

ఆత్రేయకు నా ఆశీస్సులు. వాచీ బాగుందన్నానని మాత్రం చెప్పకండి.