కిరాయి గౌను

బూర్గంపాడు,
2007 నవంబరు, ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి బెన్నీకి మీ నాన్న దీవించి రాసేది. దేవుని దయ వల్ల ఇక్కడ నేను, మీ అమ్మ, కోడలు హెప్సిబా ముగ్గురం బాగున్నాం. గోదావరి కూడా ఈ ఏడు ఊళ్ళోకి రాకుండా బయటినుంచే పలకరించి పోయింది. అక్కడ గుజరాతులో వెల్డింగు పనిలో నీ కళ్ళకు నల్లద్దం, కడుపుకు వేడి అన్నం వేళకు అందుతున్నాయని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు నాన్నా అంటావు. ఫోన్‌లో నాకు మాట సాగదురా. నేను అసలు సంగతికి వచ్చేలోపు మీ అమ్మ లాక్కుని "తిన్నవా బిడ్డా" అంటుంది. నువ్వు "తిన్ననే" అంటావు. దానికే ఆమె ఏడుస్తుంది. ఆ ఏడుపు ఆగేసరికి బ్యాలెన్సు అయిపోతుంది. ఉత్తరంలోనైతే నన్ను ఆపేవాళ్ళు లేరు.

నీ పోయిన ఉత్తరంలో అడిగినవాటికి వరసగా జవాబులు. మీ అమ్మ బీపీ మాత్రలు వేళకే వేసుకుంటున్నది. ఉరిమినప్పుడు మాత్రం ఇంకా ఆ పాత రోమన్ కాథలిక్ అలవాటు కొద్దీ సిలువ గుర్తు వేసుకుంటుంది. పెళ్ళయి నలభై ఏళ్ళుగా మన మిషన్ చర్చికి వస్తున్నా ఉరుము దగ్గర మాత్రం పుట్టింటి మనిషే. నా మోకాలు సంగతి అడిగావు. అది కొంచెం ఆగి చెబుతా. మీ పెండ్లి ఫోటో మంచం పక్కన గోడకు పెట్టుకున్నానని, అందులో హెప్సిబా సిగ్గుపడుతూ రెండు చేతులూ దించుకుని నిలబడింది చూస్తే పగలంతా పడ్డ అలసట పోతుందని రాశావు. సంతోషం. దాని సంగతీ చెబుతా.

ఇక అసలు ప్రశ్న. క్వార్టరు వచ్చింది, గ్యాసు పొయ్యి కూడా కొన్నాను, హెప్సిబాను ఎప్పుడు పంపుతున్నారు అని అడిగావు. దీనికి జవాబు చెప్పాలంటే కోతపండుగ నుంచి మొదలుపెట్టాలి. కోతపండుగ కన్నా ముందు అద్దం సంగతి చెప్పాలి. ఓపిక పట్టు.

నిరుడు ఎండాకాలం పొదుపు సంఘం ఆడవాళ్ళందరినీ మండలాఫీసు హాలుకు పిలిచారు. ఖమ్మం నుంచి ఒకాయన వచ్చాడు. ఆ ఎండలో టై కట్టుకుని వచ్చాడంటే మనిషికి పట్టుదల ఉన్నట్టే. జీవితంలో పైకి రావడం ఎట్లా అని క్లాసు చెప్పాడు. "మీ కల ఏమిటో కాగితం మీద రాసి, పొద్దున లేవగానే కంటికి కనిపించే చోట అంటించండి" అన్నాడు. మన వీధి సైదమ్మ లేచి, "పొద్దుగాల లేవంగనే నాకు కండ్లవడేది మా ఆయన మొఖమే సారూ, ఆడ అంటియ్యాల్నా?" అంది. హాలంతా నవ్వులు. ఆయన కూడా టై సడలించుకుని నవ్వాడట.

హెప్సిబా మాత్రం ఇంటికొచ్చి 'పెండ్లి గౌన్లకు నా సొంత షాపు' అని రాసి, అన్నం మెతుకులతో అద్దానికి అంటించింది. మీ అమ్మ పొద్దున్నే గొడవ. "ఏందమ్మా ఇది? నేను తల దువ్వుకుందామంటే సగం మొఖం కాడ నీ షాపే కనవడుతున్నది!"

"ఇంకో సగం ఉందిగా అత్తమ్మా, దాంతోని సర్దుకో" అంది నీ భార్య.

నాకు మాత్రం ఆ కాగితం మీద అంత నమ్మకం కుదరలేదు. బడికి పోనివాణ్ణి, గోడల మీద రాతలు చదివే అక్షరాలు నేర్చుకున్నాను. దోమల మందు, ఎలక్షన్ గుర్తులు, కుటుంబ నియంత్రణ, అన్నీ నా వాచకాలే. గోడ మీద రాసిన మాటలన్నీ నిజమయ్యుంటే ఈపాటికి కిన్నెరసాని మీద మన ఊరికి మూడు బ్రిడ్జీలు ఉండాలి. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి, కాగితం అద్దం మీదే ఉంది. చివరికి ఒకరోజు ఆ పిల్ల మీ అమ్మ పాత కుట్టుమిషను దుమ్ము దులిపి నూనె పోసింది. భద్రాచలం పోయి తెల్ల శాటిన్, లేసు తెచ్చుకుంది. మొదటి గౌను కుట్టింది. కుట్టిన మొదటిది దేవుడికే అని కోతపండుగకు చర్చికి ఇచ్చింది.

కోతపండుగ కానుకలకు వేలం పాట ఎట్లా ఉంటుందో నీకు తెలియనిది కాదు. నువ్వు పుట్టిన ఏడు నేను సంతోషం పట్టలేక ఒక సొరకాయను ఎంతకు పాడానంటే, ఆ ధరకు బజార్లో మేకపిల్ల వచ్చేది. మీ అమ్మ నాతో వారం మాట్లాడలేదు. సొరకాయ మాత్రం వండింది. ఈసారి పాస్టరు అయ్యగారు గౌను చేతికి ఎత్తి పట్టుకోగానే సంఘపెద్ద దూలయ్య పాట మొదలుపెట్టాడు. ఏడాదికి రెండుసార్లు చర్చికి వచ్చే కాంట్రాక్టరు వెంకటనారాయణ వెనక నుంచి పెంచాడు. ఇద్దరికీ శ్మశానం గోడ కట్టించే దగ్గర తగాదా. ఇంకేముంది, గోడ తగాదా గౌను మీదికి వచ్చింది.

"దూలన్నా, నీకు నలుగురూ కొడుకులే గదా, గౌను ఎవ్వలకు?" అని వెంకటనారాయణ అన్నాడు.

"నేనే తొడుక్కుంట, నీకేంది? పాడుతవా, కూసుంటవా?" అన్నాడు దూలయ్య.

ఆయనే గెలిచాడు. ఆ గౌను ఇప్పుడు వాళ్ళింట్లో కలర్ టీవీ మీద కప్పి ఉంది. వార్తలొచ్చే వేళకు ఎత్తి, అయిపోగానే దించుతారు.

ఇక్కడే మన హెప్సిబా, పాతికేళ్ళుగా కోతపండుగలు చూస్తూ పెరిగిన పిల్ల, పొరపాటు పడింది. దేవుడి ముందర పలికిన ధర బజార్లోనూ పలుకుతుందనుకుంది. పొదుపు సంఘంలో దాచుకున్నదంతా తీసి వరసగా గౌన్లు కుట్టింది. సంత రోజు వేపచెట్ల నడుమ తాడు కట్టి వేలాడదీసింది. నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నా. జనం వచ్చారు, ముట్టుకున్నారు, పోయారు. ఒకాయన క్రిస్మస్ నాటకంలో దేవదూతలకా అని అడిగాడు. తండా నుంచి వచ్చి పక్కన మిరపకాయలు అమ్ముకునే హేమ్లి, తన లంగా మీది అద్దాలు తళతళలాడించుకుంటూ వచ్చి జాలిగా చూసింది.

"గింత తెల్లగుంటే పెండ్లి ఎట్లైతది బిడ్డా? ఒక రంగు లేదు, ఒక అద్దం లేదు."

"మాకు గట్లనే అయితది అవ్వా" అని హెప్సిబా నవ్వింది. సాయంత్రానికి నవ్వు లేదు. ఒక్క గౌను కూడా పోలేదు. అన్నీ మడిచి మూట కట్టింది. దారిలో నేనే ఏదో ఒకటి మాట్లాడాలని సొరకాయ కథ మొదలుపెడితే, "మామా, ఇయ్యాల వద్దు" అంది.

తెల్లారి సైదమ్మ వచ్చి గడపలో నిలబడింది. ఆమె కూతురు హేమలతకు అశ్వాపురం వైపు సంబంధం కుదిరింది.

"హెప్సీ, కొనేటంత నా తాన లేదు. మిర్చి కల్లంల కూలికి పోయేదాన్ని. ఒక్క పూట తొడుక్కునేదానికి కొనుడెందుకే? ఒక్కదినం ఇయ్యి. గిన్నెలు, షామియానా ఎట్ల కిరాయికి తెస్తమో గట్ల."

మీ అమ్మ లోపలినుంచి, "ఒకామె పెండ్లి బట్ట ఇంకొకామె ఎట్ల కడతదే, తప్పు కాదా?" అంది.

హెప్సిబా గౌన్ల మూట విప్పుతూ, "అత్తమ్మా, చర్చిల రొట్టెరసం తీసుకునేకాడ ఒక్క గిన్నెలనే అందరం తాగుతం గదా. పక్కామె తాగిందని మనం వద్దంటమా?" అంది.

మీ అమ్మ గౌను చుట్టి ఇవ్వడానికి పాత దుప్పటి తెచ్చింది.

అట్లా మొదలైందిరా. కిరాయికి ఇవ్వాలంటే ఒకే గౌను సన్నపిల్లకూ సరిపోవాలి, బొద్దుపిల్లకూ సరిపోవాలి. హుక్కులు తీసేసి వీపు వెనక నాడా అల్లింది, ఎంతకు బిగిస్తే అంతకు. హేమలత పెళ్ళినాడు వాన. గౌను తిరిగి వచ్చేసరికి అంచు మూరెడు ఎర్రమట్టి. అడవి దారుల మట్టి సంగతి నీకు తెలుసు, బట్టను పట్టిందంటే చుట్టరికం వదలదు. నేను ఇక అయిపోయిందనుకున్నా. ఆ పిల్ల కూర్చుని చూసి చూసి, కింది కుచ్చు మొత్తం విప్పేసి గుండీలతో తగిలించేట్టు చేసింది. కుచ్చు మాస్తే కుచ్చే మారుస్తుంది, గౌను అట్లాగే ఉంటుంది. ఇప్పుడు మణుగూరు నుంచి, పాల్వంచ నుంచి కూడా అడుగుతున్నారు. దూలయ్య పెద్దకొడుక్కి సంబంధం కుదిరింది. టీవీ మీది గౌనుకు గుండీ కుచ్చు లేదని కోడలు పిల్ల ఒప్పుకోలేదు, మన దగ్గరికే వచ్చారు.

ఇప్పుడు మోకాలు. రెండు నెలల కిందట నీకు రాశాను, నా మోకాలు బాగోలేదు, హెప్సిబా లేకపోతే కష్టం, ఆమె ప్రయాణం కొంచెం వాయిదా వేయమని. బెన్నీ, నా మోకాలు రాయిలాగా ఉంది. ఆ మోకాలితోనే రోజూ పాత మోపెడ్ తన్ని స్టార్టు చేసి, గౌన్లను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దానిమీద యూరియా సంచి తొడిగి ఊరూరా చేరుస్తున్నాను. జీతానికి. మొదటి నెల జీతం చేతిలో పెట్టి, "మామా, మొన్న పాల్వంచకు లేటు పోయినవు, ఈసారి ఊరుకుంటున్న" అంది. నా జన్మలో ఏ మేస్త్రీ కూడా నన్ను అంత మర్యాదగా తిట్టలేదు. చర్చి గేటు ఎదురుగా సైకిల్ షాపు వాళ్ళ ముందు గది కిరాయికి తీసుకుంది. మీ అమ్మ మాత్రలు నీ మనియార్డరులోనివి కావు ఇప్పుడు. నువ్వు పంపేది పోస్టాఫీసులో చల్లగా నిద్రపోతున్నది. ఇవేవీ నీకు చెప్పలేదు. నీ గ్యాసు పొయ్యి ముచ్చట చదివాక వెంటనే రాయడానికి చేయి రాలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు హెప్సిబా చేతికిచ్చాను. చదివింది, మడిచింది, లోపలికి పోయింది. కాసేపటికి నేను పోయి చూస్తే ట్రంకుపెట్టె తెరిచి ఉంది, అద్దం మీది కాగితాన్ని తడిగుడ్డతో నానబెట్టి మెల్లగా ఊడదీస్తున్నది.

"ఏందమ్మా?"

"పోత మామా. ఆయన ఒక్కడే ఉన్నడు ఆడ. పొయ్యి గూడ కొన్నడు."

"మరి షాపు?"

"సైదక్కకు కుట్టుడు వచ్చు. నడుపుకుంటది."

నేను ఊరుకోలేక, అసలు ఈ గౌన్ల పిచ్చి నీకు ఎక్కడ పట్టిందమ్మా అని అడిగా. అప్పుడు చెప్పింది. మీ పెళ్ళికి వాళ్ళవాళ్ళు కొత్తగూడెంలో ఎవరి దగ్గరో గౌను అడిగి తెచ్చారు. అది రెండింతల మనిషిది. వెనక, సంకల కింద, నడుముకు అంతా పిన్నీసులు పెట్టి బిగించారు. చెయ్యి ఎత్తితే పిన్ను దిగుతుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ పిల్ల చేతులు ఎత్తలేదు. "గుళ్ళె పాట పాడేటప్పుడు సుత చేతులెత్తలే మామా. అందరూ సిగ్గనుకున్నరు. ఆయన గూడ." ఇది చెప్పి నవ్వింది. "నా తాన తొడుక్కున్న పిల్లలు చేతులెత్తాలె. గంతే."

ఆ పిల్ల చేతిలోంచి తడిగుడ్డ నేను తీసుకున్నా. బెన్నీ జవాబు వచ్చేదాకా కాగితం తీయవద్దన్నా. ఇప్పుడది సగం ఊడి, సగం అంటుకుని ఉంది. మీ అమ్మ దాన్ని పైకెత్తి పట్టుకుని తల దువ్వుకుంటున్నది, కానీ పీకెయ్యదు.

ఇంకొక్క మాట, ఇది ఆమె రాయమన్నది కాదు. పెండ్లి స్టేజీ మీద జంట వెనక నిలబెట్టే ఇనుప కమాను ఉంటుంది చూడు, పూలు చుట్టేది. గౌనుతో పాటు అదీ కావాలంటున్నారు జనం. హెప్సిబా బొమ్మ గీసుకుంది. మడిచి ఆటోలో పెట్టేట్టు ఉండాలి, గాలికి పడకూడదు. సారపాకలో అడిగితే ఒక్కడూ ఆమె గీసినట్టు అతికించలేదు. మంచి వెల్డరు కావాలంటున్నది. నాకు ఒకడు తెలుసన్నాను. శిఫారసులు వద్దు మామా, ఆయన ఇష్టం అంది.

నువ్వు అక్కడి పని వదిలి రమ్మని నేను అనను. ఆ నిర్ణయం మీ ఇద్దరిది. ఆమెను రమ్మంటే నేనే భద్రాచలం రోడ్డు స్టేషన్లో రైలెక్కిస్తాను, మాట. కానీ జవాబు రాసేముందు గోడకున్న ఆ ఫోటో ఒకసారి దించి, ఆమె చేతులు చూడు. ఆ రోజు దండలు మార్చుకునేటప్పుడు ఆమె చెయ్యి పైకి రాకపోతే నువ్వే తల వంచావు. మొదటి దినమే వంగిండు బెన్నీ అని గుడి అంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఎందుకు వంగాల్సి వచ్చిందో అప్పుడు నీకు తెలియదు.

ఇప్పుడు తెలిసింది.

ఇట్లు,
నీ తండ్రి, హెప్సిబా షాపులో మోపెడ్ ఉద్యోగి,
షాలేమ్‌రాజు.

మీ అమ్మ అడగమన్నది: తిన్నవా?